చౌడులో కరగని చీర

చీర కరగలేదు. చెంగయ్యకు భయం పుట్టింది అందుకే.

స్వర్ణముఖి ఇసుకలో, తిరుచానూరు వైపు రేవులో, పొద్దు బారెడెక్కే వేళకు అతను చాకిబాన దించి బట్టలు ఒక్కొక్కటే కర్రతో పైకి తీస్తున్నాడు. దుప్పట్లు, పంచెలు, సత్రం తువాళ్ళు. చౌడుమట్టిలో సున్నం కలిపి కాచిన నీళ్ళలో ఉడికి, పొగలు కక్కుతూ, మల్లెపూలలా తెల్లబడి వస్తున్నాయి. అడుగున కర్రకు ఒక మూట తగిలింది. నాలుగు కొసలూ గట్టిగా ముడివేసిన పంచె. పైకి లాగి, వేళ్ళు కాలుతున్నా ముడి విప్పాడు. లోపల మడత పెట్టిన అరక్కు రంగు చీర, లక్కలాంటి ముదురెరుపు.

ఉత్తర మాడవీధి శఠగోపం గారి ఇంటి పట్టుచీర.

చెంగయ్య ఇసుకలో కూలబడ్డాడు.

"ఏమే నాగులూ! ఈ మూట బానలో ఎవురేసినారు?"

అతని భార్య నాగులమ్మ నీళ్ళలో నిలబడి దుప్పటి జాడిస్తోంది. "నేనే ఏసినా. ఏమి?"

"విప్పి సూడలా?"

"యాడ సూసేది? పోయిన నెల వాళ్ళ మూట విప్పి సత్రం తువాళ్ళకు తగిలించినానని సుందరవల్లమ్మ నన్ను పెరట్లో నిలబెట్టి కడిగేసింది గదా! మా మూట మూటగానే ఉడకాల, ఇంకోరి గుడ్డ తగలకూడదని ఆయమ్మే అనె. ఉడకబెట్టినా."

"దాంట్లో పట్టుచీర ఉండాదే!"

నాగులమ్మ చేతిలో దుప్పటి ఏటిలో జారిపోయింది. దాన్ని పట్టుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. శనివారం ఆ మూట తెచ్చింది చెంగయ్యే. శఠగోపం గారి భార్య సుందరవల్లమ్మ పెరటి గడప దగ్గర నిలబడి, "చెంగయ్యా, లోపల నా పట్టుచీర ఉండాది. దీపం కుందె ఒలికి నూనె పడింది. కుంకుడుకాయ రసంలో పిసుకు, నీడన ఆరెయ్యి. ఇంకొకరి గుడ్డ తగలకుండా మీ సామి పంచెలోనే కట్టినాను" అని విడమరిచి చెప్పింది. చెంగయ్య తల ఊపాడు. ఇంటికి వచ్చేసరికి చలిజ్వరం. కంబళి కప్పుకొని పడుకున్నవాడు మర్నాడు తెల్లారేదాకా లేవలేదు. ఈలోగా నాగులమ్మ బాన నింపి పొయ్యి వెలిగించింది.

పట్టు చౌడులో పడితే ఏమవుతుందో చెంగయ్యకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి చూశాడు. ఎవరిదో పట్టు ఉత్తరీయం వాళ్ళ నాయన బానలో పొరపాటున పడింది. మర్నాడు కర్రకు తగిలింది గుడ్డ కాదు, పలచటి జావ. నాయన దాన్ని దోసిట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు.

మరి ఈ చీర?

చెంగయ్య మడత విప్పాడు. రంగు వెలిసింది. నిగనిగ పోయింది. తడిసిన కాగితంలా నీరసంగా వేలాడుతోంది. కానీ ఆరు గజాలకు పైన ఇంకో మూడు గజాలు, మొత్తం చీర, కొంగు నుంచి కొంగు దాకా ఉంది.

నాగులమ్మ రెండు చేతులూ జోడించింది. "ఏడుకొండలవాడు కాపాడినాడయ్యా!"

"ఆయనకు కొండమీద అంతమంది కాసుకోని ఉంటే, మన బానలో చెయ్యి పెట్టేదానికి వస్తాడా?"

"అట్లయితే ఎట్ల మిగిలింది?"

"అదే నాకూ తెలీలా."

నాగులమ్మ చీరను నీళ్ళలో జాడించి, నెమ్మదిగానే పిండింది. సర్రుమంది. అంచు దగ్గర జానెడు చినిగింది. చెంగయ్య ముఖం చిట్లించాడు. ఉడికే చౌడును తట్టుకున్న గుడ్డ, ఆడమనిషి మెల్లగా పిండితే చినగడమేమిటి? ముప్పయ్యేళ్ళుగా పట్టు ఉతుకుతున్నాడు. తడిసినా పట్టు మొండిది. ఇట్లా చినగదు.

చీర కరిగి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడు. కరగని చీరను ఏం చేయాలో తెలియలేదు.

* * *

శఠగోపం గారు దేవస్థానం కచేరీలో గుమాస్తాగా పనిచేసి విరమించిన మనిషి. వీధిలో ఎవరి ఇంట పెళ్ళి కుదిరినా చీరలు ముందు ఆయన ముందుకు రావాలి. కళ్ళు మూసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంగు నలిపి, "ఇది కంచి. ఇది ఆరణి. ఇది తిప్పి పంపెయ్యి" అని తేల్చేవాడు. ఆ మాటకు ఇరవై రెండిళ్ళలో తిరుగులేదు. ఈ అరక్కు చీరను కూడా ఆయనే, శ్రావణంలో పాకాల రైలు దిగి మూట భుజాన వేసుకొచ్చిన వర్తకుడి దగ్గర, వీధి అరుగు మీద పదిమంది చూస్తుండగా ఏరి తీశాడు.

సోమవారం పొద్దున చెంగయ్య చీర పట్టుకుని పెరటి వాకిట నిలబడ్డాడు. బానలో ఏసినాం, తప్పయిపోయింది సామీ అనేద్దామని దారిపొడుగునా అనుకుంటూనే వచ్చాడు. ఆయన ముందుకు వచ్చేసరికి చీర చాచి ఇచ్చాడు, అంతే.

శఠగోపం కళ్ళు మూసుకుని కొంగు నలిపాడు. కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూసుకుని ఇంకోసారి నలిపాడు.

"ఏమిరా ఇది?"

"తమరి చీరే సామీ."

"నా చీరనా? ఇది పట్టే కాదు గదరా! జపాను నకిలీ గుడ్డ! బజార్లో మూలమూలకూ వేలాడతా ఉండాది. నా కంచిపట్టు యాడ పెట్టినావు?"

తిట్టు పడుతుందనుకున్నాడు చెంగయ్య. దొంగతనం పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

"సామీ, మీరిచ్చిందే తెచ్చినా. మా నాయన కాలం నించి మీ గుడ్డ ఒక్కటి అటూ ఇటూ పొయ్యిందా?"

"గుర్తు చూపించు, నమ్ముతాను."

అక్కడే చెంగయ్య చిక్కుపడ్డాడు. ప్రతి ఇంటి బట్టకూ జీడిగింజ రసంతో ఒక మూల నల్లటి గుర్తు పెడతాడు. శఠగోపం గారి ఇంటికి మూడు చుక్కలు, పక్కింటికి అడ్డగీత. కానీ జీడి తగిలితే పట్టు పాడవుతుంది. పట్టుబట్టకు గుర్తు పెట్టే చాకలి ఈ తాలూకాలోనే లేడు.

"పట్టుకు గుర్తు పెట్టం గదా సామీ."

"అదే నీకు కలిసొచ్చింది." శఠగోపం చీరను ఉండగా చుట్టి అతని ముందుకు విసిరాడు. "నీ గుడ్డ నువ్వు తీసుకుపో. గురువారం మధ్యాహ్నం లోపల నా చీర నా ఇంట్లో ఉండాల. లేదంటే ఈ వీధిలో ఇరవై రెండిళ్ళూ ఇంకొకడికి పోతాయి. పోలీసుల సంగతి తరవాత."

ఆయన వెనకాల, తులసికోట పక్కన, సుందరవల్లమ్మ నిలబడి ఉంది. నేల మీద పడ్డ చీర వైపే చూస్తోంది, చినిగిన అంచు వైపు.

* * *

"నా కాళ్ళ కడియాలు ఉండాయి, గాడిద ఉండాది" అంది నాగులమ్మ ఆ సాయంత్రం. "ఒక పట్టుచీర కొనుక్కొచ్చి మొగాన కొడదాం. పీడ పోతాది."

"కొనిస్తే దొంగతనం ఒప్పుకున్నట్టు గదా!"

"ఒప్పుకోకపోతే ఇల్లు గడిచేది ఎట్ల?"

"బానలో ఏసినామని చెప్పేస్తా."

నాగులమ్మ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది. "నీకేమన్నా మతి పొయ్యిందా? పట్టును చౌడులో ఏసిన చాకలోడికి ఎవురైనా గుడ్డలిస్తారా? మాడవీధి ఒకటే కాదు, ఊరు ఊరే పోతాది."

ఆమె అన్నది నిజమే. ఒప్పుకుంటే చేతకానివాడు, ఒప్పుకోకపోతే దొంగ. చెంగయ్య చాలాసేపు గాడిద పక్కన కూర్చుని దాని చెవులు నిమురుతూ ఉండిపోయాడు. ఏది ఎటు తిప్పినా ఆలోచన ఒకచోటే వచ్చి ఆగుతోంది. కరిగి తీరాల్సిన చీర కరగలేదు. శఠగోపం గారికి ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఆయన ఏమనేవాడు?

మర్నాడు హైస్కూలు సైన్సు అయ్యవారు రాజారత్నం ఇంటికి బట్టలు ఇవ్వడానికి వెళ్ళాడు. రాజారత్నం వరండాలో కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, మెత్తని మాట. ఎవరికైనా ఏదైనా నేర్పించే అవకాశం దొరికితే ముఖం వెలిగిపోతుంది.

"అయివోరా, ఒక మాట అడగాల. పట్టు చౌడులో ఎందుకు కరిగిపోతాది?"

రాజారత్నం ఎర్రసిరా కలం పక్కన పెట్టాడు. "ముప్పై ఏళ్ళు ఉతికి ఇప్పుడడుగుతున్నావా?"

"ఇప్పటిదాకా కరిగింది గనక అడగలా."

"అంటే కరగనిది దొరికిందా?"

చెంగయ్య మూటలోంచి చీర తీశాడు. బాన సంగతి, గురువారం గడువు సంగతి, దాచకుండా అన్నీ చెప్పాడు. రాజారత్నం చినిగిన అంచు నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. భగ్గున మండి, వేలెడు పోగు రెప్పపాటులో మెత్తటి బూడిదయింది.

"వాసన చూడు."

"కాయితం కాల్చినట్టుండాది."

రాజారత్నం తన తల నుంచి ఒక వెంట్రుక పీకి అదే అగ్గికి చూపాడు. అది ముడుచుకుపోయి, చివర నల్లటి పూసలా గడ్డకట్టింది. కంపు.

"పట్టుపోగు కాలిస్తే ఈ వెంట్రుక కంపే రావాల. పట్టూ, వెంట్రుకా, నీ గోరూ, గుడ్డులో తెల్లసొనా అన్నీ ఒక కులం. ప్రాణి ఒంట్లో పుట్టే సరుకు. దీన్ని ప్రోటీను అంటారు. దారం కంటికి కనబడుతుంది గదా, దాని లోపల ఇంక ఏ భూతద్దానికీ కనబడనంత సన్నటి గొలుసులుంటాయి. వేలకొద్దీ కొక్కేలు ఒకదానికొకటి తగిలించిన గొలుసు. పట్టుపురుగు ఆ గొలుసుల్ని పక్కపక్కనే సాపుగా పేర్చి దారం తీస్తుంది. అందుకే పట్టుకు ఆ బలం, ఆ మెరుపు. అయితే కొక్కేనికీ కొక్కేనికీ మధ్య ఉండే ముడి చౌడుకు తట్టుకోదు. సున్నం కలిపి కాస్తే ముడి ముడీ ఊడిపోతుంది. ముడులన్నీ ఊడితే గొలుసు యాడుంటాది?"

"జావ అయిపోతాది" అన్నాడు చెంగయ్య. నాయన వేళ్ళ సందులు అతని కళ్ళ ముందు మెదిలాయి.

"నూలు చెట్టు సరుకు. దాంట్లోనూ గొలుసులే, కొక్కేలు వేరు. చక్కెర కొక్కేలు."

"చక్కెరా! మరి పంచె తియ్యగుండదే?"

"విడివిడిగా ఉంటే తియ్యన. గొలుసు కట్టినాక తీపి పోయి బలం వస్తుంది. బియ్యంలో పిండి కూడా ఆ చక్కెర గొలుసే. తగిలించిన తీరు వేరు, అంతే. అందుకే అన్నం నీకు అరుగుతుంది, పంచె అరగదు."

"నా గాడిద నిన్న పక్కింటోళ్ళ కాయితం సంచి తినేసింది."

"కాయితమూ ఆ నూలు గొలుసే. దాని కడుపులో ఆ ముడి విప్పే ఉపాయం ఉంది. నీకు లేదు." రాజారత్నం నవ్వాడు. "నూలు ముడి చౌడుకు ఊడదు. అందుకే పంచెలు బానలో ఎంత ఉడికినా తెల్లబడతాయే గానీ కరగవు. ఇక ఈ జపాను పట్టు ఉండాదే, ఇది కొయ్యను గుజ్జు చేసి, మందుల్లో కరిగించి, సన్న బెజ్జాల్లో శావిగలు వత్తినట్టు వత్తిన దారం. మెరుపు పట్టుది, సరుకు నూలుది. మందుల్లో పడి గొలుసులు తెగి పొట్టివయినాయి గనక తడిస్తే నీరసం. మీ ఆడమనిషి పిండితే చినిగిందంటే అందుకే. కొత్తలో గంజీ మెరుగూ ఉంటే ఎంతటి వేళ్ళయినా మోసపోతాయి, చౌడు వాటిని కడిగేసింది."

చెంగయ్య నెత్తిన చల్లటి నీళ్ళు పోసినట్టయింది. "అంటే సామి కొన్నదే జపాను గుడ్డ!"

"నేనొచ్చి చెప్పమంటావా?"

"వద్దయివోరా. మీరొచ్చినారంటే ఆయన పంతానికి పోతాడు."

"పోనీ, నువ్వు చెప్పినా ఒక చిక్కుంది." రాజారత్నం చీర మీద చెయ్యి వేశాడు. "ఇది జపాను గుడ్డని ఆయనే అంటున్నాడు. నువ్వు మార్చినావంటున్నాడు. దీన్ని కాల్చి చూపిస్తే ఆయన మాటే గెలుస్తుంది. నీ చేతికి రాకముందు ఆ చీరలోది ఒక పోగు కావాల. ఒక్కటంటే ఒక్కటి. యాడన్నా ఉందా?"

చెంగయ్య వీధిలోకి వచ్చాడు. నాలుగడుగులు వేశాడు. ఆగిపోయాడు.

సోమవారం చీర వైపు చూస్తూ నిలబడ్డ సుందరవల్లమ్మ పక్కన తులసికోట ఉంది. ఆ ఇంట్లో కొత్తగుడ్డ ఏది వచ్చినా, కట్టుకోకముందు ఆయమ్మ కొంగులోంచి ఒక పోగు లాగి తులసమ్మకు చుడుతుంది. ఏళ్ళ తరబడి పెరటి గడప దగ్గర బట్టల కోసం నిలబడి అతను అది చూస్తూనే ఉన్నాడు. ఎండకూ వానకూ వెలిసిపోయిన పోగులు, వాటి మీద కొత్తవి.

అన్నిటికన్నా పైన, అరక్కు రంగుది.

* * *

గురువారం పొద్దున తొమ్మిది గంటలకు చెంగయ్య పెరటి వాకిట ఉన్నాడు. ఒక చేతిలో చీర, రెండో చేతిలో మూతపెట్టిన మట్టిముంత. నాగులమ్మ వీధి మలుపు దాకా వెంట వచ్చి, ఇంక ధైర్యం చాలక అక్కడే గోడవార కూర్చుండిపోయింది.

శఠగోపం విసనకర్రతో బయటికి వచ్చాడు. "తెచ్చినావా?"

"తెచ్చినాను సామీ. కొత్తది కాదు, ఇదే." చెంగయ్య అక్కడితో ఆగలేదు. "సోమారం ఒక మాట దాచినాను. ఈ చీరను మేము చౌడు బానలో ఉడకబెట్టినాం."

విసనకర్ర ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"నాకు జ్వరం. మూటలో పట్టుండాదని నా పెండ్లానికి చెప్పలేదు. మూట విప్పగూడదని అమ్మగారి ఆజ్ఞ గదా, అది విప్పలేదు. రాత్రంతా బానలో ఉడికింది. తప్పు మాది. ఆ తప్పుకు ఏం శిక్ష వేసినా పడతాం. దొంగతనం మాత్రం చెయ్యలేదు."

"పట్టుచీరను చౌడులోనా!" శఠగోపం గొంతు వీధిదాకా వినిపించింది. "ఒరే, నీకు బుద్ధుందా? ముప్పై ఏళ్ళ చాకలివి! దొంగతనం కప్పిపుచ్చడానికి ఇదొక కొత్త కథా?"

"ఉండండి" అంది సుందరవల్లమ్మ.

అంతవరకూ ఆమె వంటింటి గుమ్మంలోనే ఉంది. ఇప్పుడు మెట్లు దిగి వచ్చింది. "ఏమన్నావు చెంగయ్యా? రాత్రంతా చౌడులోనా?"

"అవునమ్మా."

"సున్నం కలిపిందేనా?"

"కలిపిందే."

ఆమె భర్త వైపు తిరిగింది. "మా అమ్మగారింట్లో మా పిన్ని పట్టు రవిక ఒకటి ఇట్లాగే చాకలి బానలో పడింది. గుడ్డ పేలిక కూడా మిగలలేదు. మీ చీర తొమ్మిది గజాలూ తిరిగొచ్చింది."

"నా చీర కాదే అది! వాడు మార్చిన చీర!"

"ఇంతమాత్రం దానికి గొడవెందుకు సామీ" అన్నాడు చెంగయ్య. మట్టిముంత మూత తీసి గడప బయట పెట్టాడు. "దీంట్లో మా బాన నీళ్ళు ఉండాయి. తులసమ్మకు అమ్మగారు చుట్టిన పోగు ఉండాది. అది నా చేతికి వచ్చింది కాదు. నేను ముట్టుకోను, అమ్మగారే తీస్తారు. దాంతోపాటు అమ్మగారి పెళ్ళినాటి పట్టుచీరలోది ఒక పోగు ఇప్పించండి. రెండూ ఈ నీళ్ళలో ఉడకనీండి. అరక్కు పోగు కరిగిందంటే మీది పట్టు, నేను దొంగను. మీరు చెప్పబల్లేదు, పోలీసుల దగ్గరకు నేనే పోతాను."

శఠగోపం నవ్వాడు. గెలిచినవాడి నవ్వు. "తియ్యవే. వాడి నోటితోనే ఒప్పుకున్నాడు."

సుందరవల్లమ్మ తులసికోట దగ్గర వంగి, పైపోగు ముడిని నింపాదిగా విప్పింది. లోపలికి వెళ్ళి పెట్టెలోంచి తన పెళ్ళినాటి చీర కుచ్చులో ఒక పోగు లాగి తెచ్చింది. చెంగయ్య ముంతను పెరటి పొయ్యి దగ్గరకు జరిపి వెనక్కి తగ్గాడు. ఆమె దాన్ని పొయ్యిమీద పెట్టి మంట ఎగదోసింది. రెండు పోగులూ ముంతలో పడ్డాయి, ఒకటి పసుపుపచ్చ, ఒకటి అరక్కు.

ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. పొయ్యిలో పుల్లలు చిటపటమంటున్నాయి. వీధి అవతల ఎవరో దివ్యప్రబంధం చదువుకుంటున్నారు. అయ్యవారు చెప్పింది తప్పయితే? తులసమ్మ పోగు వేరే ఏదో చీరదయితే? పోలీసు ఠాణా మెట్లు ఎట్లా ఉంటాయో చెంగయ్య ఎన్నడూ చూడలేదు.

నీళ్ళు కుతకుతలాడాయి. సుందరవల్లమ్మ కొబ్బరి పుల్లతో కలిపింది. కాసేపటికి పసుపుపచ్చ పోగు వదులయింది. ఉబ్బింది. జిగటగా పుల్లకు అంటుకుంది. ఇంకాసేపటికి పుల్ల ఎత్తితే చివర సన్నటి బంకలాంటిది వేలాడి, చుక్కగా జారి ముంతలో కలిసిపోయింది.

అరక్కు పోగు తేలుతూనే ఉంది. రంగు మాత్రం వెలిసింది.

"ఇంకాసేపు ఉడకనీ" అన్నాడు శఠగోపం.

ఇంకాసేపు ఉడికింది. ఆమె పోగును పుల్లతో బయటికి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. శఠగోపం అలవాటు చొప్పున కళ్ళు మూసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పోగు తెగింది. కళ్ళు చాలాసేపు తెరవలేదు.

"కాల్చి కూడా చూడచ్చమ్మా" అన్నాడు చెంగయ్య మెల్లగా. "పట్టయితే వెంట్రుక కంపు, ఇదయితే కాయితం వాసన."

"వద్దు. చాలు." సుందరవల్లమ్మ మట్టిముంతను పొయ్యి మీదనుంచి దించింది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది. "నలభై రోజులు."

"ఏమి?" అన్నాడు శఠగోపం, కళ్ళు మూసుకునే.

"నలభై రోజులు ఇది మడి అనుకుని కట్టుకుని పెరుమాళ్ళ నైవేద్యానికి తళిగ వండినాను. పట్టు గదా, రోజూ తడపబల్లేదని నీళ్ళు చల్లుకుని కట్టుకున్నాను. తడపని నూలుగుడ్డ కట్టుకున్నట్టే గదా ఇది!"

శఠగోపం ముఖం పాలిపోయింది. చెంగయ్యకు ఆ క్షణంలో అర్థమయింది. ఆయన చీరను గురించి అంత పంతం పట్టింది డబ్బుకు కాదు, పేరుకు కూడా కాదు. తనకే తెలియకుండా లోపల దాచుకున్న ఈ భయానికి. ఇది పట్టు కాదని ఒప్పుకుంటే ఆ నలభై రోజుల వంటా ఏమవుతుంది?

సుందరవల్లమ్మ కాసేపు తులసికోట వైపు చూసింది. తరవాత భుజాలు ఎగరేసింది. "పోనీ. నేను తెలియక కట్టుకున్నాను, పెరుమాళ్ళు తెలిసే తిన్నాడు. వద్దనుకుంటే మొదటిరోజే చెప్పేవాడు." బావి దగ్గరకు నడిచింది. "నీళ్ళు పోసుకుని వస్తాను. పొద్దు పోతా ఉండాది, ఇంకా వంట కాలేదు."

శఠగోపం విసనకర్ర అరుగు మీద వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. తీర్పు చెప్పలేదు, తిట్టలేదు. చెంగయ్య చీర చేతిలో పట్టుకుని ఎటూ కదలలేక నిలబడ్డాడు.

బావి గిలక కిర్రుమంది. "ఆ చీర గడప మీద పెట్టి పో చెంగయ్యా" అని సుందరవల్లమ్మ గొంతు వచ్చింది. "శనివారం రా."

"వస్తే బట్టలిస్తారా అమ్మా?"

"శనివారం రమ్మన్నాను గదా."

* * *

శనివారం దాకా ఆ రెండు రోజులూ చెంగయ్య ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. బానలో పట్టు వేశారన్న సంగతి వీధిలో పొక్కితే చాలు, ఇరవై రెండు తలుపులూ మూసుకుంటాయి. చెప్పడమా మానడమా శఠగోపం గారి చేతిలో ఉంది.

"ఎందుకు చెప్పినావయ్యా" అని నాగులమ్మ పదిసార్లు అడిగింది. పదకొండోసారి తనే, "చెప్పకపోతే ఎట్ల తెలిసుండేది?" అంది.

శనివారం చెంగయ్య వీధి మొదట్లోని ఇంటి ముందు భయంభయంగా గొంతు సవరించుకున్నాడు. మూట వచ్చింది. రెండో ఇంట్లోనూ వచ్చింది. మూడో ఇంటి దేవకమ్మ మూటతోపాటు ఒక కొత్త చీర కొంగు చేతిలో పట్టుకొచ్చింది. "ఏమి చెంగయ్యా, పట్టో కాదో చెప్పే విద్య నీ దగ్గర ఉండాదంట గదా? శఠగోపం మామ నిన్ను అడగమన్నాడు."

"ఒక పోగు దాచి పెట్టండమ్మా, తిరిగొచ్చేటప్పుడు చూస్తా" అని చెంగయ్య జారుకున్నాడు.

శఠగోపం గారి పెరట్లో మూట సుందరవల్లమ్మ చేతిలో లేదు. ఆయనే తెచ్చాడు. గడప మీద పెట్టి, ముడి తానే విప్పాడు. పంచెలు, తువాళ్ళు, వాటి మధ్య వెలిసిపోయిన అరక్కు చీర.

"ఇకమీద మా మూట విప్పి చూసే బానలో వెయ్యమను నీ పెళ్ళాన్ని" అన్నాడు, చెంగయ్య ముఖం చూడకుండా. "ఎవరి గుడ్డ తగిలితే తగలనీ."

"సరే సామీ. చీర మళ్ళా ఇచ్చినారు, కుంకుడుకాయలో..."

"చౌడులోనే వెయ్యి" అన్నాడు శఠగోపం. ఒక్క క్షణం ఆగి, "పంచెలతోపాటు" అని, విసనకర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

రేవులో మూట దించాక చెంగయ్య జీడిగింజ రసం బుడ్డి తీశాడు. చీర మూల వెదికి, పుల్ల ముంచి, ఒకటి, రెండు, మూడు చుక్కలు పెట్టాడు. మిగతా పంచెల మీద ఉన్నట్టే. నాగులమ్మ పక్కన కూర్చుని చూస్తోంది.

"పట్టుకు గుర్తు పెట్టవు గదయ్యా నువ్వు?"

"పెట్టను" అన్నాడు చెంగయ్య, చుక్కలు ఆరేదాకా ఊదుతూ.